ఆవకాయలో కలిసిన దిండు

నా చిన్నప్పుడు, గోదావరికి ఈ గట్టూ ఆ గట్టూ కలిపి వెతికినా నా తలకాయంత గుండ్రటి తలకాయ ఇంకొకటి దొరికేది కాదు. రామచంద్రపురం వైపు నుంచి కుండలు చేసేవాళ్ళు పడవెక్కి వచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నా తల చుట్టూ దారం తిప్పి కొలత తీసుకుని వెళ్ళేవారు. నమ్మకం కుదరకపోతే ఆ కాలంవాళ్ళని అడిగి చూడండి. ఆ కాలంవాళ్ళలో ఇప్పుడు మా ఇంట్లో మిగిలింది నేనూ మా చెల్లెలూ. దాన్ని మాత్రం అడక్కండి.

నా తలని అంత శ్రద్ధగా తీర్చిదిద్దిన మనిషి మా నాయనమ్మ. పాలకొల్లుకి దగ్గర్లో కాలవ గట్టున ఉండేది మా ఊరు. మా వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా ఆవిడ తన పాత నేతచీర చింపి, చిన్న సంచీ కుట్టి, అందులో ఆవాలు పోసి దిండు చేసి పట్టుకెళ్ళేది. పసిబిడ్డ తల దాని మీద ఆనిస్తే ఆవాలు అటూ ఇటూ సర్దుకుని, తల ఎక్కడా పలకబారకుండా గుండ్రంగా వస్తుందని ఆవిడ నమ్మకం. నమ్మకం అంటే చిన్నమాటేమో, అది ఆవిడ పరువు. మీసాలొచ్చిన మగవాళ్ళు ఎదురుపడినా సరే, ఆపి, తల తడిమి చూసి, "ఇది నా దిండేరా" అని మురిసిపోయేది. వాళ్ళు కూడా బుద్ధిగా తల వంచేవారు.

నేను రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఉండగా మా చెల్లెలు పుట్టింది. నాకూ దానికీ మధ్య ఒక తమ్ముడు పుట్టి, నెల తిరక్కుండా నిద్దట్లోనే పోయాడనే సంగతి నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. అప్పట్లో నాకు తెలిసిందల్లా, ఈసారి అమ్మ ఇంట్లో పురుటికి ఒప్పుకోలేదనీ, తాతయ్యే గూడుబండి కట్టించి దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళాడనీ. తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఒళ్ళో చెల్లెలుంది, నోట్లో డాక్టరమ్మ గారి మాటలున్నాయి. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్క చదునుగా, గట్టిగా ఉండాలి. తలకింద దిండు వద్దు, మొహం దగ్గర మెత్తటి గుడ్డలేవీ వద్దు. తల్లిపాలు తప్ప నీళ్ళచుక్క కూడా పట్టొద్దు, తేనె అసలే వద్దు.

పాల విషయంలో నాయనమ్మ పేచీ పెట్టలేదు. గొడవంతా దిండు దగ్గరే వచ్చింది. ఎందుకంటే చెల్లెలి దిండు అప్పటికే సిద్ధంగా ఉంది. మిగతా పిల్లల దిండ్లకి లేని విధంగా దాని మీద ఎర్రదారంతో చిలకని కూడా కుట్టింది. చిలక బాతులా ఉండేది గాని, ఆ మాట అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"డాక్టరమ్మ గారు దిండు వద్దన్నారండీ, అత్తయ్యగారూ" అంది అమ్మ, నేలచూపులు చూస్తూ.

"ఆవిడకెంతమంది పిల్లలూ?"

"ఇంకా పెళ్ళి కాలేదంటండీ."

"అదీ సంగతి!" అంది నాయనమ్మ, కోర్టులో తీర్పు చెప్పినట్టు. దిండు తెచ్చి చెల్లెలి తలకింద పెట్టింది.

అప్పట్నించీ మా ఇంట్లో ఒక మూగ యుద్ధం నడిచింది. నాయనమ్మ దిండు పెట్టి వంటింట్లోకి వెళ్తుంది. అమ్మ తీసేస్తుంది. నాయనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ పెడుతుంది. ఇద్దరూ పల్లెత్తు మాట అనుకునేవారు కాదు. "ఎండ మండిపోతోందమ్మా" అని ఒకరూ, "అవునండీ" అని ఒకరూ అనుకుంటూనే దిండుని అటూ ఇటూ తిప్పేవారు.

ఒక మధ్యాహ్నం వసారాలో చాప మీద చెల్లెల్ని పడుకోబెట్టి, అమ్మ పక్కనే కాస్త కునుకు తీసింది. నేను ఆ పక్కన గోళీలు ఆడుకుంటున్నాను. ఉన్నట్టుండి అమ్మ దిగ్గున లేచింది. చూస్తే, చెల్లెలు దిండు మీంచి జారి, తల పక్కకి వాలిపోయి, ముక్కూ నోరూ ఆ ఆవాల సంచీకి ఆనుకుని ఉన్నాయి. పిల్లి మూలిగినట్టు చిన్న చప్పుడేదో వస్తోంది. అమ్మ దాన్ని చటుక్కున ఎత్తి భుజాన వేసుకుంది. అది కేరుమని ఏడ్చింది. అంత చక్కటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

వంటింటి గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. "కాస్త జారింది, అంతేలే" అంది. ఎప్పుడూ వీధి చివరికి వినపడే గొంతు, ఆ పూట నా దాకా కూడా సరిగ్గా రాలేదు.

ఆ రోజు నుంచీ అమ్మ కంటి మీద రెప్ప వెయ్యడం మానేసింది. చెల్లెలు పడుకుంటే చాలు, దాని పక్కన కూర్చుని ఊపిరి చూస్తూ ఉండేది. కళ్ళు లోపలికి పోయాయి. అన్నం దగ్గర కూర్చున్నా చెవి వసారా వైపే ఉండేది. నాయనమ్మ మాత్రం దిండు పెట్టడం మానలేదు. వీధి వీధంతా ఆవిడ దిండ్ల మీద పెరిగింది, సొంత మనవరాలికే వద్దంటే రేపు జనం ఏమంటారు?

ఇదంతా మా తాతయ్య చూస్తున్నాడు. ఆయన నాయనమ్మకి ఎదురు చెప్పిన పాపాన ఎప్పుడూ పోలేదు. ఆవిడ ఏమన్నా "ఆయ్" అనేవాడు. ఆ ఒక్క మాటతోనే కాపురం మొత్తం లాక్కొచ్చాడాయన.

అంతలో ఆవకాయల రోజులు వచ్చాయి. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు బుట్టల్తో దిగాయి. బజారు నుంచి తేవలసినవి నాయనమ్మ తాతయ్యకి అప్పగించింది. మిరపకాయలు, కల్లుప్పు, నువ్వులనూనె, ఆవాలు. "ఆయ్" అన్నాడు తాతయ్య. నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని పాలకొల్లు బయల్దేరాడు.

కొట్లో అన్నీ కొన్నాడు. ఆఖర్న ఆవాల బస్తా ముందు నిలబడి, గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ బస్తాలోకే జారవిడిచాడు. "పదరా" అన్నాడు.

"తాతయ్యా, ఆవాలూ?"

"ఏ ఆవాలు?" అని, నా చేతిలో పెద్ద బెల్లం జీడి పెట్టాడు. అది దవడలకి అంటుకుపోయి, ఇల్లు చేరేదాకా నాకు మాట పెగల్లేదు. చేరాక కూడా ఇంకో ముక్క నోట్లో పెట్టాడు.

ఆవకాయ పెట్టే రోజు కాయలు నేనే కొట్టాను, ఒక్క దెబ్బకి రెండు చెక్కలు, టెంక సమంగా చీలేలా. సరే, కొట్టలేదు. కొట్టింది పాలేరు. నేను ముక్కల్లో టెంక లోపలి జీడి తీసి గుడ్డతో తుడిచాను, కాసిని ఉప్పుతో తిన్నాను కూడా. గంగాళం అడుగున ముక్కలు పరుచుకున్నాక నాయనమ్మ కారం తెచ్చింది, ఉప్పు తెచ్చింది. సంచులు దులిపి చూసింది.

"ఏవండీ, ఆవాలేవీ?"

"ఆవాలా?" తాతయ్య పైకండువా సర్దుకున్నాడు. "ఆయ్... మర్చిపోయానే."

"ఆవకాయకి ఆవాలు మర్చిపోయే మనిషిని ఏమనాలండీ నేను! పెళ్ళికెళ్ళి పెళ్ళికూతుర్ని మర్చిపోతారా ఎవరైనా?"

"పోనీ పక్కింట్లో అడిగి రానా?"

"ఆవకాయ పెట్టే రోజున ఆవాలు అడుక్కోవడమా? నేనా?"

"మరి ముక్కలు కొట్టేశారు కదే. రేపటిదాకా ఆగుతాయంటావా?" అన్నాడాయన, పాలు తాగే పిల్లాడి మొహం పెట్టి.

నాయనమ్మ గంగాళం వైపు చూసింది. తరవాత వసారా వైపు చూసింది. నాయనమ్మ విసవిసా వెళ్ళి, చెల్లెలి తల ఒక చేత్తో మెల్లగా పట్టుకుని, రెండో చేత్తో దిండు లాగేసింది. చిలక కాళ్ళ దగ్గర దారం పళ్ళతో పుటుక్కున కొరికి, ఆవాలన్నీ చేటలోకి గుమ్మరించి పిండి కొట్టడానికి పంపింది. "కొత్త ఆవాలు రాగానే దానికి ఇంతకన్నా మంచిది కుడతాను" అంది, నాలుగిళ్ళకి వినబడేలా.

ఒక దిండు ఆవాలకి ఎంత ఆవకాయ అవుతుంది? పెద్ద జాడీ ఆ ఏడు బోర్లానే ఉండిపోయింది. కొట్టిన ముక్కలు చిన్న జాడీకి చాలాయి. ఇంకా కొట్టని కాయలన్నీ మాగాయకి పోయాయి. కానీ కలిపిన గంగాళంలో వేడి అన్నం వేసి, నెయ్యి పోసి, ఆవిడ కలిపి పెట్టిన ముద్దల రుచి చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు. అందరికీ పెట్టాక, గోళీకాయంత ముద్ద నెయ్యిలో పొర్లించి అమ్మకి కూడా తీసుకెళ్ళింది. "బాలింతకి కారం పనికిరాదు గాని, ఇంత ముద్ద ఏం చెయ్యదులే" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మ పడుకుంది. పక్కన చాప మీద చెల్లెలు వెల్లకిలా, రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకి లొంగిపోయిన దొంగలా నిద్రపోయింది. నాయనమ్మ విసనకర్ర పట్టుకుని, పొద్దు వాలేదాకా ఇద్దరికీ విసురుతూ కూర్చుంది.

ఆ తరవాత ప్రతి సంతకీ తాతయ్య ఆవాలు మర్చిపోతూనే వచ్చాడు. పోపుకి సరిపడా పొట్లం తెచ్చేవాడు, అంతే. నాయనమ్మ తిట్టేది, ఆయన "ఆయ్" అనేవాడు. ఈలోగా చెల్లెలు బోర్లాపడింది, పాకింది, నాయనమ్మ కొప్పు పట్టుకుని నిలబడింది. అప్పుడు ఇంటికి ఆవాలొచ్చాయి.

నా తల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. కుండలవాళ్ళు కొలతలు తీసుకోలేదు. ఒకసారి కుండలమ్ముకునే ఆయన మంచినీళ్ళడిగి, తాగి, నా వైపు చూసి నవ్వాడు. మిగతాది నేను ఏళ్ళ తరబడి చేర్చుకుంటూ వచ్చాను. ఆవాల దిండు మీద పెరిగిన నా తల వెనకభాగం పీటచెక్కలా ఉంటుంది. దిండు ఎరగని మా చెల్లెలి తలే గుండ్రం.

మొన్న భీమవరంలో మా మనవరాలికి పాప పుడితే నేనూ చెల్లెలూ కలిసి చూడ్డానికి వెళ్ళాం. అక్కడి పిల్లల డాక్టరు చెప్పినవన్నీ మనవరాలు పాఠంలా ఒప్పజెప్పింది. నిద్రకి వెల్లకిలే. ఉయ్యాల్లో దిండూ బొమ్మా దుప్పటీ ఏవీ ఉండకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలే. తేనె మాట ఏడాది దాకా ఎత్తొద్దు. తల చదునవుతుందని బెంగ ఉంటే, మెలకువగా ఉన్నప్పుడు పక్కన మనిషి ఉండి కాసేపు బోర్లా పడుకోబెడితే చాలట. వింటుంటే నాకు మా వసారా, చాప, అమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. అంతలో మనవరాలి అత్తగారు లోపల్నించి పట్టుగుడ్డ తొడిగిన దిండొకటి తెచ్చారు. ఊపితే గలగలమంది. ఆవాలు! మనవరాలు నా వైపు చూసింది.

నేను వెంటనే మెడ పట్టుకుని మూలిగాను. "అమ్మా, ఏమీ అనుకోకండి. నాకు మెడ పట్టేసి తల ఎత్తలేకపోతున్నాను. ఈ ఆవాల దిండు దొరికితే ప్రాణం లేచొస్తుంది" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, "అయ్యో, తీసుకోండి బాబాయ్ గారూ, మీకంటేనా" అని చేతిలో పెట్టేశారు. ఇప్పటికీ అది నా మంచం మీదే ఉంది.

తాతయ్య దగ్గర నేను నేర్చుకున్నదీ, ఇన్నాళ్ళూ నాతో ఉన్నదీ అదే. ప్రేమగా కుట్టి తెచ్చినదాన్ని కాదని విసిరికొట్టకూడదు. తెచ్చినవాళ్ళు నొచ్చుకోకుండా దానికి ఇంకో పని చూపించాలి. ఇంట్లో ఎవరు మొండికేసినా నాకు ఆయన వేళ్ళ సందుల్లోంచి జారిన ఆవాలే కనబడతాయి.

ఇంతవరకూ రాసి, గోరుచిక్కుళ్ళు తుంచుకుంటున్న మా చెల్లెలికి చదివి వినిపించాను. అది తల కూడా ఎత్తలేదు.

"అంతా బానే ఉంది గానీ అన్నయ్యా, ఆ రోజు అటక మీద డబ్బాడు ఆవాలున్నాయి. నా పురుటప్పుడు నాయనమ్మే చెప్పింది. నేను జారిన రోజు నుంచీ ఆవిడకీ గుండె దడేనట. దిండు తియ్యడానికి వంక కోసం చూస్తోందట. తాతయ్య ఆవాల్లేకుండా రాగానే దొరికింది. డబ్బా దింపితే వంక పోతుందని పెద్ద జాడీ బోర్లించేసి, ఏడాదంతా మీ చేత మాగాయ తినిపించింది. మోసపోయింది మీరిద్దరే, తాతయ్యా నువ్వూ."

నేను కాగితాలు మడిచి పక్కన పెట్టాను. తరవాత, "పోనీ, భీమవరంలో దిండు నేనే కదా కొట్టుకొచ్చాను" అన్నాను.

"మెడ పట్టేసినవాడివి, అంతకుముందే వాళ్ళ పెరట్లో తలెత్తి కొబ్బరిగెలలు చూసి, కాపు బాగుందండీ అని ఆవిడతోనే అన్నావు. ఆవిడకి కళ్ళు లేవనుకున్నావా?"