మామ్మ ముట్టనన్న వంకాయలు

నా చిన్నప్పుడు నాకు వంకాయంటే పడేది కాదు గానీ, వంకాయ గురించి మా మామ్మకీ పక్కింటి అక్కకీ రోజూ జరిగే తగువంటే మాత్రం చెవి కోసుకునేదాన్ని. మేముండేది రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్‌లో, చెక్క ఇళ్ళ వరసలో. అక్క తాత తుర్కీ సిపాయి. మొదటి పెద్ద యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకి చిక్కి, ఖైదీగా బర్మా వచ్చి, ఇక్కడి పిల్లనే పెళ్ళాడి ఉండిపోయాడట. ఆయన నేర్పిన వంటలు ఆ ఇంట్లో మిగిలాయి. వంకాయ లోపలి గుజ్జంతా తీసేసి, బియ్యమూ మాంసమూ ఉల్లిపాయా కూరి ఉడికించేవారు. దాన్ని దోల్మా అనేవారు.

"కడుపు కోసీసి లోపల్దంతా తీసీసినాక ఇంక వంకాయేటి మిగిల్నాదే? మా గుత్తొంకాయ సూడు, నాలుగు పక్షాలుగా సీరినా ముచ్చిక ఒగ్గదు," అనేది మామ్మ.

"వంకాయలో కూరడం మీవోళ్ళకి నేర్పింది మావోళ్ళే మామ్మా," అనేది అక్క, మా వీధిలో పెరిగి నేర్చుకున్న తెలుగులో.

మామ్మ లెక్కన వంకాయ పుట్టిందే మా పెద్దలు వదిలొచ్చిన శ్రీకాకుళంలో. ఆ ఊరు ఆవిడా చూడలేదు, తుర్కీ దేశం అక్కా చూడలేదు. చూడని దేశాల కోసం ఇద్దరూ గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి వాదించుకుని, నవ్వుకుంటూ లోపలికి పోయేవారు.

మామ్మకి పట్టింపులెక్కువ. సాయిబుల ఇంట మంచినీళ్ళయినా ముట్టనని గుళ్ళో నలుగురికీ చెప్పుకునేది. కానీ ప్రతి శుక్రవారం అక్క ఆవిడ కోసం మాంసం తగలకుండా వేరే దోల్మా వండేది. వెనక సందులోంచి ఆ గిన్నె మీద ఆకు కప్పి తెచ్చేది నేనే. మామ్మ వంటింటి తలుపేసుకుని తిని, వేళ్ళు కూడా నాకేది. "ఎవులకీ సెప్పకేం," అని నాకో బెల్లం ముక్క పెట్టేది. అంత పెద్ద రహస్యం నా దగ్గరుందని నాకు మహా గర్వంగా ఉండేది.

బయటి దేశాల మనిషి గానీ సరుకు గానీ రాక అప్పటికే ఏళ్ళయింది. 1988లో జనం ప్రభుత్వం మీద తిరగబడ్డారు. కొట్లు మూశారు, బియ్యం కరువైంది. లూటీల భయంతో వీధి చివర వెదురు కంచె కట్టి మగవాళ్ళు కాపలా కాస్తే, ఆడవాళ్ళు వంతులేసుకుని వాళ్ళకి వండిపెట్టేవారు. అంతలో ఎవరో నీళ్ళలో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. పక్క వార్డులో ఒకతన్ని అనుమానం మీద స్తంభానికి కట్టి కొట్టారని విన్నాం.

మర్నాడు అక్క వంతు. ఇంట్లో ఉన్న బియ్యమంతా కూరేసి, డేగిసా నిండా వంకాయలు మోసుకొచ్చింది. ఎవరూ చెయ్యి చాచలేదు. లోపల ఏం కూరిందో ఎవరు చూశారని ఒకరన్నారు. ఆ మాట అందరికీ పాకింది. ఇద్దరు లేచి అక్కకి అడ్డంగా నిలబడ్డారు. అక్క భయపడలేదు. మామ్మ వైపు చూసి నవ్వింది కూడా.

వీధి పెద్ద బర్మావాడు, మామ్మంటే గౌరవం ఉన్నవాడు. "అమ్మా, పక్కింట్లోనే ఉంటారు గదా, ఈ పిల్ల చేతి వంట ఎప్పుడైనా తిన్నారా?" అని బర్మాలో అడిగాడు.

మామ్మ వెనకే మా గుడి పెద్దలున్నారు. ఆవిడ పైట సర్దుకుంది. "శివశివా! ఆళ్ళింట మేం తింటామేటి? నానెప్పుడూ ముట్టనేదు," అని ముందు మావాళ్ళకి వినపడేలా తెలుగులో అని, ఆ తర్వాత బర్మాలో చెప్పింది. నేను కొంగు లాగితే, నొప్పి పుట్టేలా నా చెయ్యి నొక్కిపట్టింది. నేనూ నోరు విప్పలేదు.

అక్క డేగిసా దించి, నేలమీద కూర్చుని ఒక వంకాయ తింది. ఇంకోటి తింది. అడుగున ఉన్నది తినమన్నాడొకడు. అదీ తింది. ఏడుస్తూ, మింగుడు పడకపోయినా ఆరో ఏడో తిన్నాక, వీధి పెద్ద సిగ్గుపడి చాలమ్మా అన్నాడు. ఆమెని వదిలేశారు. మిగిలినవి మాత్రం, అంత కరువులోనూ, మురిక్కాలవలో పోశారు.

ఆ శుక్రవారం వెనక సందులోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. అక్క తలుపు తియ్యలేదు. గొడవలు సద్దుమణిగాక అక్కావాళ్ళు ఇల్లు ఖాళీ చేసి నది అవతల తన్లిన్‌కి వెళ్ళిపోయారు. ఎందుకలా చెప్పావని మామ్మని అడిగితే, "నలుగుర్లో మన పరువేటవుద్దే?" అంది. ఆ పరువు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆఖరి రోజున ఆవిడ నోట్లో నీళ్ళు పోసింది నేనే. అయినా క్షమించలేదు.

ఇప్పుడు నేనే మామ్మనయ్యాను. ఎవరింట తిన్నా నలుగురిలో చెప్తాను, గుళ్ళో అయితే ఇంకాస్త గట్టిగా చెప్తాను. మా మనవలు ఇదంతా నా మంచితనం అనుకుంటారు. వాళ్ళకి చెప్పని సంగతొకటుంది. మామ్మ కాదన్నాక, నేల మీద కూర్చోబోయే ముందు, అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.