లోపలినుంచి తెరిచే తలుపు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న పక్కింటి మావయ్యగారు నిద్ర లేవలేదు. ఆయన నాకు చుట్టం కాదు. పద్దెనిమిదేళ్లు గోడకి అటూ ఇటూ ఉన్నాం కాబట్టి ఆయన మావయ్యగారు, వాళ్లావిడ అత్తయ్యగారు అయ్యారు, అంతే. ఇప్పుడు గోడ అవతల చడీ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం కోసమే నేను మూడేళ్లు ఆయనతో పోట్లాడాను. ఇప్పుడు నాకది అక్కర్లేదు.

ఆయన రిటైరైన ఫిట్టరు. అత్తయ్యగారి పుట్టిల్లు కోనసీమ. వాళ్ల నాన్నగారి అరటి గెలలు మోసిన పాత పికప్ వ్యాను కొబ్బరితోటలో తుప్పు పట్టిపోతుంటే, లారీ మీద వేయించి తెచ్చి రాజమండ్రిలో తన పెరట్లో దింపించుకున్నారు. అత్తయ్యగారు కాపురానికి వచ్చింది ఆ వ్యాను ముందు సీట్లోనేనట. పాత బండిని పూర్తిగా విప్పి, కొత్త ఇంజను పెట్టి, నేలబారుగా దించి, లావు టైర్లు తొడిగి షోకు చేస్తే దాన్ని స్ట్రీట్ రాడ్ అంటారని ఫోనులో చూశారు. ఇక పూనకమే. నేను పదో తరగతి పేపర్లు దిద్దుకుంటుంటే గోడ అవతల ఇనుము కోసే గ్రైండరు మోత.

"ఆ తుప్పులో ఏముందని మావయ్యగారూ?" అని ఓసారి గోడ మీంచి కేకేశాను.

"తుప్పెప్పుడూ పైనే ఉంటాదమ్మా. లోపల ఇనుము ఇనుమే," అన్నారు కళ్లజోడు తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. ఈమధ్య మా స్టాఫ్ రూములో ఎవరైనా ఓ పిల్లాణ్ణి ఎందుకూ పనికిరాడంటే నా నోట ఆ మాటే వస్తోంది.

బండికి ఎడమ తలుపు బయటి పిడి ఎక్కడా దొరకలేదు. వేరే బండిది పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. సాయంత్రం అత్తయ్యగారు కాఫీ తెచ్చి ఆ తలుపు పక్కన నిలబడితే, ఆయన డ్రైవరు సీట్లోంచి ఒరిగి లోపలినుంచి తీసేవారు. ఇంజనైనా లేని బండిలో ఇద్దరూ దర్జాగా కూర్చుని కాఫీ తాగేవారు. మొదటి షికారు ధవళేశ్వరం బ్యారేజీ మీదికని ఆవిడకి మాటిచ్చారు.

"బ్యారేజీ వచ్చిందాండీ?" అని ఆవిడ ఆటపట్టించేవారు.

"ఇంకా రాలేదోయ్," అనేవారు ఈయన.

చివరికి ఎర్ర రంగు పడింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధి వీధంతా వచ్చింది. బండి నిమ్మకాయలు తొక్కుకుంటూ ఠీవిగా బయల్దేరి, ఇరవై గజాలు వెళ్లి, స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆనించి ఆగిపోయింది. బైకుల జోరు తగ్గించాలని ఆ స్పీడ్ బ్రేకర్ని తాపీ పట్టి కట్టింది సాక్షాత్తూ మావయ్యగారే! అత్తయ్యగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిణ్ణి చూసి ఆయనా నవ్వారు.

"దాన్ని పగలగొట్టించేద్దాం మావయ్యగారూ," అన్నాను.

"తప్పమ్మా, పిల్లలు ఆడుకునే వీధి. బండినే లేపుదాం."

మర్నాడే బండి బరువు మోసే కమాన్లు విప్పారు. బండిని మూడంగుళాలు లేపడానికి నెల పట్టింది. ఒక శనివారం సాయంత్రం ఆఖరి బోల్టు బిగించి, "రేపు బ్యారేజీకమ్మా!" అని గోడ మీంచి చెప్పారు. మర్నాడే ఆ ఆదివారం.

నెల మాసికం అయ్యాక అత్తయ్యగారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే కదమ్మాయ్. ఓసారి తీసుకెళ్తావా?"

నేను ఎక్కి బండి స్టార్ట్ చేశాను. ఆవిడ ఎక్కలేదు. ఫ్లాస్కూ, రెండు గ్లాసులూ పట్టుకుని ఎడమ తలుపు పక్కన నిలబడే ఉన్నారు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒరిగి లోపలినుంచి తలుపు తీశాను.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊపిరి బిగబట్టాను. బండి ఎక్కింది, దిగింది. ఎక్కడా తగల్లేదు.

బ్యారేజీ మీదికి రాగానే గోదావరి గాలి మొహానికి కొట్టింది. అత్తయ్యగారు రెండు గ్లాసుల్లోనూ కాఫీ పోశారు. రెండోది నాకివ్వలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, మెల్లగా అన్నారు.

"వచ్చిందండీ."