నీళ్ళకి పార్టీ అంటుకున్న ఏడాది

ఈ సంగతి రాసి పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మా ఊళ్ళో ఇప్పటికే దీన్ని రెండు రకాలుగా చెబుతున్నారు. ఒక వీధిలో నేను అవతలి పార్టీకి అమ్ముడుపోయి మాట మార్చానంటారు. ఇంకో వీధిలో నాకు ఆలస్యంగానైనా బుద్ధి వచ్చిందంటారు. రెండూ నిజం కావు. ఇంకో రెండేళ్ళు పోతే ఈ రెండు కథలే మిగులుతాయి, జరిగింది పోతుంది. జరిగింది నాకు తెలుసు, ఎందుకంటే తప్పు చేసింది నేనే.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఎనిమిదో తరగతితో బడి మానేసి పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో చేరాను. గింజలు ఉడికించే బాయిలర్ దగ్గర పని. చదువు బడిలో ఆగింది గాని ఊరి గ్రంథాలయంలో ఆగలేదు. ఆ ఒక్క గదిలో ఉన్న నాలుగు బీరువాల పుస్తకాలూ చదివాను, కొన్ని రెండేసిసార్లు. చట్టసభ ఏం చేయాలో, కోర్టు ఏం చేయాలో, పత్రికకి స్వేచ్ఛ ఎందుకుండాలో డిగ్రీ చదివినవాళ్ళ కన్నా బాగా చెప్పగలనని నాకు గర్వం. ఇప్పుడూ కొంచెం ఉంది.

మా గ్రంథాలయానికి రెండు దినపత్రికలు వస్తాయి. ఒకటి ఒక పార్టీని మోస్తుంది, రెండోది రెండో పార్టీని మోస్తుంది. ఏది ఎవరిదో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పొద్దున్న ఆరున్నరకి గ్రంథాలయం అరుగు మీద పేపరు పైకి చదవడం మా ఊరి అలవాటు. వినేవాళ్ళలో చదువురానివాళ్ళు కొందరు, కళ్ళు ఆనని పెద్దవాళ్ళు కొందరు, తీరిక లేనివాళ్ళు చాలామంది. ఏడింటికి పలాస వెళ్ళే ఆటోలు వస్తాయి. హారన్ కొడితే మూడొంతుల మంది లేచిపోతారు. అందుకని ఒక్కో వార్తకి హెడ్డింగు, మొదటి పేరా చదివి తర్వాతి వార్తకి వెళ్ళిపోవాలి. ఎవరూ పెట్టిన రూలు కాదు, ఆటోలు పెట్టిన రూలు.

చదివేవాళ్ళం ఇద్దరం. ఒక రోజు నేను, ఒక రోజు పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఊరందరికీ మావ, నాకూ మావే. ఎవరి వంతు వస్తే వాళ్ళు రెండు పేపర్లూ చదవాలి. ఆయనది ఒక పార్టీ, నాది రెండోది. అయినా చాలా ఏళ్ళు ఏ గొడవా లేదు. ఆయన మా నాయకుణ్ణి తిట్టిన వార్త చదివేటప్పుడు గొంతు కొంచెం పెంచేవాడు, నేను ఆయన నాయకుడి వార్త వచ్చినప్పుడు పెంచేవాణ్ణి. జనం నవ్వేవారు.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఆ నవ్వు పోయింది. ఒక రోజు ఆయన చదువుతుంటే మావాళ్ళెవరో "ఆ అబద్దాల పేపరు మడిసి పెట్టు మావా" అన్నారు. ఆయన నిజంగానే మడిచి పెట్టి లేచిపోయాడు. మర్నాటి నుంచి సొంత డబ్బుతో తన పేపరు కొనుక్కుని సహకార సంఘం అరుగు మీద చదవడం మొదలుపెట్టాడు. సగం మంది అటు వెళ్ళారు. మిగిలిన సగానికి నేను ఒక్క పేపరే చదవసాగాను. రెండోది బల్ల మీద ఉండేది, ఎవరూ అడిగేవారు కాదు. ఫోన్లలో ఊరి గ్రూపు కూడా రెండయింది. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి వాటి గురించి హెచ్చరికలు ఉన్నాయి. అవి పెద్ద దేశాల్లో, పెద్దవాళ్ళకి జరిగేవని అనుకునేవాణ్ణి.

ఆ ఎన్నికల్లో అవతలి పార్టీ గెలిచింది. కొన్నాళ్ళకి మా వీధుల్లో కుళాయిలు పడ్డాయి. దూరం నుంచి శుద్ధిచేసిన నీళ్ళు వస్తున్నాయన్నారు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇదీ అని గట్టిగా ఎవరూ తేల్చలేదు గాని బోరు నీళ్ళ మీద అనుమానం ప్రతి ఇంట్లోనూ ఉంది. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప భర్త, అంటే మా బావ, కొబ్బరి తోట రైతు. ఆయన రక్త పరీక్షలో తేడా కనిపించింది. "ఇప్పుడే భయం లేదు, జాగ్రత్తగా ఉండు, మంచి నీళ్ళే తాగు, మూడు నెలలకోసారి రా" అని పలాసలో డాక్టరు చెప్పారు. బావది మా పార్టీ, నాకన్నా గట్టి. అయినా అప్ప పోరు పడలేక కుళాయి నీళ్ళకి ఒప్పుకున్నాడు. నెల రోజులు తాగాడు.

అప్పుడొచ్చింది ఆ వార్త. మా పేపర్లో, జిల్లా పేజీలో పైన. కుళాయిలో బురద నీళ్ళు అని హెడ్డింగు. గ్లాసులో ఎర్రటి నీళ్ళ ఫోటో. మొదటి పేరాలో ఉద్దానానికి నీళ్ళిచ్చే పథకం పేరుంది, జనం ఆగ్రహం ఉంది. చదివాను. గొంతు పెంచే చదివాను. హారన్ కొట్టారు.

బావ లేచి నిలబడి, అవతలి పార్టీవాళ్ళ అరుగు వైపు చెయ్యి చూపి, "సూసారేటి! నాను ముందే సెప్పినాను. ఆలిచ్చిన నీల్లు ఆలనే తాగమను" అన్నాడు.

పక్కనున్నాయన, "మరి నెల్లాల్లు నువ్వూ తాగీసినావు కదేటి బావా" అన్నాడు.

"అందుకే కడుపులో గుడగుడమంతంది" అన్నాడు బావ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకుంటూ పరిశ్రమకి వచ్చే అదే పేపరు మొత్తం చదివాను. చివరి పేరాలో ఊరి పేరుంది. మా ఊరు కాదు, మా వైపు కూడా కాదు, టెక్కలి దాటాక ఉన్న ఒక ఊరు. అక్కడ ఒక వీధి పైపు పగిలి మట్టి కలిసిందని, మరమ్మతు జరుగుతోందని అధికారులు చెప్పినట్టు రెండు వాక్యాలు ఉన్నాయి. అంటే మా కుళాయికీ ఆ ఫోటోకీ సంబంధం లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాను. బావతో చెప్పలేదు. మర్నాడు అరుగు మీదా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చాలాసార్లు ఆలోచించాను. వార్త అబద్ధం కాదు కదా అని ఒక సాకు. చెబితే అవతలి అరుగు మీద పండగ చేసుకుంటారని ఇంకొకటి. అన్నిటికన్నా పెద్దది, నాలుగు బీరువాలు చదివినవాడు సగం వార్త చదివి ఊరిని తప్పుదారి పట్టించాడని ఎవరైనా అంటారన్న సిగ్గు. మా వీధిలో పది ఇళ్ళవాళ్ళు కుళాయి కట్టేసి మళ్ళీ తోట బోర్లకి బిందెలు పట్టుకెళ్ళడం చూస్తూ ఊరుకున్నాను.

రెండు నెలల తర్వాత బావ పరీక్షకి వెళ్ళాడు. జబ్బు కొంచెం పెరిగింది. బోరు నీళ్ళ వల్లనే అని డాక్టరు అనలేదు, నేనూ అనను. "నేను చెప్పినట్టు నీళ్ళు తాగుతున్నావా?" అని మాత్రం అడిగారట. బావ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడట. ఆ సాయంత్రం అప్ప మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డాట్రు సెప్తే ఇన్లేదు. నాను సెప్తే ఇన్లేదు. నువ్వు సదివితే ఇన్నాడురా తమ్ముడూ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

అప్పుడు చెప్పాను, చివరి పేరా సంగతి. ఆమె వెంటనే గడప వైపు తిరిగి, "అయితే ఆ మాటే ఆయనకి సెప్పు, నడు" అంది.

బావ వాకిట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు, గునపం నుంచి చెయ్యి తీయకుండా.

"ఎవులు సెప్పమన్నారు నీకు? ఆలేటి?" అన్నాడు.

"ఎవరూ చెప్పమనలేదు బావా. పేపర్లోనే ఉంది."

"ఆ దినం సదివింది నువ్వే, ఈ దినం కాదంతంది నువ్వే. ఏ నిన్ని నమ్మీది బామ్మర్దీ?"

మర్నాడు గ్రంథాలయం చూసుకునే అమ్మాయిని అడిగాను. పాత పేపర్ల కట్టలు విప్పి, దుమ్ము దులిపి, ఆ రోజుది తీసిచ్చింది. "ఇక్కడే సూసి ఇచ్చీండి, బయటికి తీసికెల్లకూడదు" అంది. అందుకని బావనే అక్కడికి తీసుకొచ్చాను. ఆయన వేలు పెట్టి చివరి పేరా కూడబలుక్కుని చదివాడు. పేపరు మడిచేశాడు.

"పేపరోడు ఏటైనా రాత్తాడు. పైన బురదని రాసినాడు, దిగువన బాగుసేత్తన్నారని రాసినాడు. నాకు ఏ పేపరూ వద్దు."

ఇది నేను ఊహించనిది. నిన్నటిదాకా మా పేపర్లో పడిన ప్రతి అక్షరాన్నీ నమ్మినవాడు ఒక్క ఉదయంలో ఏదీ నమ్మని మనిషయ్యాడు. నిజం చూపిస్తే చాలు, మనిషి మారతాడని నేను చదువుకున్న చదువు. మారాడు గాని నేననుకున్న వైపు కాదు. కుళాయి అలాగే కట్టేసి ఉంది.

"అయితే కళ్ళతో చూసొద్దాం, బండెక్కు" అన్నాను.

ఆదివారం బయల్దేరాం. దారంతా నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు. టెక్కలిలో టీ తాగుతుంటే కొట్టువాడితో, "ఈడు మా బామ్మర్ది. పేపరు సగం సదువుతాడు. డబ్బులు కూడా సగమే ఇత్తాడు, సూసుకో" అన్నాడు. టీ కొట్టువాడు నవ్వి పూర్తి డబ్బులు ముందే తీసుకున్నాడు.

ఆ ఊళ్ళో ఫోటోలోని వీధి వెతకడం కష్టం కాలేదు. పైపు ఎక్కడ పగిలిందని అడిగితే ఒక ఇంటి అరుగు చూపించారు. ఆ ఇంటావిడ అరవై దాటిన మనిషి. ఎండన పడి వచ్చారని, మేము నోరు విప్పకముందే చెంబుతో నీళ్ళు తెచ్చి బావ చేతిలో పెట్టింది. మా వైపు గడప దగ్గర ఇచ్చిన నీళ్ళు వద్దనడమంటే ఇంటిని అవమానించడమే. బావ అలాంటి మర్యాదల్లో పాతకాలం మనిషి. గటగటా తాగేశాడు. తాగాక అడిగాడు.

"ఏ నీల్లు ఇవి, అమ్మా?"

"ఏ నీల్లేటి నాయినా, కుళాయి నీల్లే."

బావ చెంబులోకి చూశాడు. నేను ఫోటో సంగతి అడిగాను.

"మా ఈదిదే ఆ పొటో. పైపు పగిలినాది, మూడు దినాలు మట్టి వచ్చినాది, నిజమే. తరవాత బాగుసేసినారు. పేపరోల్లు పగిలిన్నాడు వచ్చినారు గాని బాగయిన్నాడు రానేదు" అంది.

బావ అప్పటికే వేరేవైపు చూస్తున్నాడు. ఆమె తలుపు మీద మా పార్టీ స్టిక్కరు, లోపల గోడకి మా నాయకుడి కేలండరు.

"మీరు మనోల్లేనేటి?" అన్నాడు.

"మా మావగారి కాలం నుంచీ."

"మరి ఆలిచ్చిన నీల్లు తాగుతన్నారే?"

ఆమె అర్థం కానట్టు చూసింది. "నీల్లు ఆలియ్యడమేటి? ఆల తాత సంపాయించి ఇచ్చినాడేటి? మనం కట్టిన పన్నుల్తోటి ఏసిన పైపే కదా. రేపు మనోల్లు గెలిత్తే ఈ పైపు పీకీసి ఇంకోటి ఏత్తారేటి?"

బావ చెంబు ఆమె చేతికిచ్చి బండెక్కాడు. తిరుగు దారిలో టెక్కలి దాటాక నా భుజం మీద తట్టి, "మనోల్లు తాగుతన్నారన్నమాట" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదని ఒప్పుకోవాలి. నేను సాక్ష్యం చూపించడానికి ముప్పై మైళ్ళు తీసుకెళ్తే ఆయన స్టిక్కరు చూసి నమ్మాడు. పన్నులు, పైపు అంటూ ఆమె చెప్పినదాంట్లో నా నాలుగు బీరువాల సారం ఉంది. ఆయనకి పట్టింది మాత్రం ఆమె మావాళ్ళ మనిషి అన్నదే. ఇంటికి చేరి కుళాయికి చుట్టిన గోనె తాడు ఆయనే విప్పాడు. అప్ప బిందె పెట్టింది. నేను నోరు మూసుకున్నాను. నీళ్ళు తాగడానికి సరైన కారణమే ఉండాలని పట్టుబట్టే తీరిక ఆయన ఒంటికి లేదు.

ఒక్క బావ తాగితే నా పని అయిపోదు. మిగతా ఇళ్ళున్నాయి. సోమవారం అరుగు మీద ఆ పాత పేపరే తెచ్చి, హెడ్డింగు నుంచి చివరి పేరా దాకా చదివాను. ఇది ఆ రోజు మధ్యాహ్నమే చూశానని, చూసి దాచానని కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన, "ఎంతకి కొన్నారేటి నిన్ని?" అని లేచి వెళ్ళిపోయాడు. ఇంకో నలుగురు వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ రారు.

సాయంత్రానికి పోస్ట్‌మాన్ మావకి తెలిసింది. రెచ్చగొట్టడానికి వచ్చాడనుకున్నాను. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని, "ఆ పైపు పగిలినట్టు మా పేపర్లో అసలు రానేదురా. నాకు టెక్కలిలో మా అల్లుడు సెప్పినాడు. తెలిసీ నాను అరుగు మీద సెప్పనేదు. నువ్వు సగం మింగితే నాను మొత్తం మింగీసినాను" అన్నాడు.

ఇప్పుడు మళ్ళీ ఒకే అరుగు. రోజుకి ఒక్క వార్తే, కాని రెండు పేపర్లలోనూ, చివరి అక్షరం దాకా. ఆయన పేపరు నేను, నా పేపరు ఆయన. ఆటో హారన్ కొడితే మిగతాది మర్నాడు. వినేవాళ్ళు మునుపటిలో సగం కూడా లేరు. ఫోన్లలో గ్రూపులు రెండూ అలాగే ఉన్నాయి. కుళాయి కట్టేసిన పది ఇళ్ళలో ఏడు విప్పాయి, మూడు విప్పలేదు. ఆ మూడిళ్ళకి నేను రెండుసార్లు వెళ్ళాను. మళ్ళీ వెళ్తాను. బావకి పోయిన నెల పరీక్ష చేశారు. పెరగలేదు, తగ్గలేదు. దాన్నిబట్టి ఏదీ చెప్పలేమని, నీళ్ళు మాత్రం మానొద్దని డాక్టరు అన్నారు.

సాయపడినవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞత చెప్పడం పద్ధతి. కాని మా వైపు ఇంటిపేరు రాస్తే చాలు, పార్టీ ఏదో చదివేవాడికి తెలిసిపోతుంది, తర్వాత మిగతాది చదవడు. అందుకని వరసలతోనే చెబుతున్నాను. తిట్టకుండా నన్ను బావ ముందు నిలబెట్టిన అప్పకి. నా మాట నమ్మకపోయినా బండెక్కిన బావకి. ఆయన మూడు నెలలకోసారి పరీక్షకి వెళ్ళకపోతే నేను నోరు విప్పేవాణ్ణి కాను. పాత పేపర్లు అమ్మేయకుండా కట్టలు కట్టి దాచిన గ్రంథాలయం అమ్మాయికి. పెద్దరికం పక్కన పెట్టి అరుగెక్కిన పోస్ట్‌మాన్ మావకి. లేచి వెళ్ళిపోయి కూడా దారిలో ఎదురైతే పలకరించే ఇద్దరికి. నీళ్ళిచ్చిన ఆ పెద్దావిడకి అయినా పేరు పెట్టి చెప్పాలనుకున్నాను. స్టిక్కరు చూశాం, కేలండరు చూశాం, పేరడగడం మాత్రం మా ఇద్దరికీ తోచలేదు.