ఆలస్యంగా వచ్చే చేపల పులుసు

రైల్వే వాళ్ళుండే ట్రాఫిక్ కాలనీలో మా ఎదురింటి అత్త స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరైంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఫోన్‌లో ఒక వంట వీడియో పెట్టడం మొదలుపెట్టింది. చూసేది నేనూ, పక్క ఊరు సాలువాలో ఉండే ఆవిడ చెల్లెలూ, అంతే. అయినా వీడియో ఆలస్యమైతే ఊరుకునేది కాదు. "ఈనాటి చేపల పులుసు ఒక గంట ఆలస్యంగా వచ్చును. అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని పాత మైకు గొంతుతో, స్టేషన్‌లో చెప్పినట్టే తెలుగులో, హిందీలో, బెంగాలీలో రికార్డు చేసి పెట్టేది.

"ఇద్దరి కోసం మూడు భాషలేటత్తా?" అన్నాను ఒకసారి.

"ప్లాట్‌ఫారం మీద ఒక్కడున్నా సెప్పాల. పాపం, ఆడు బండి కోసం సూస్తంటాడు."

ఒకరోజు వీడియో రాలేదు, ఆలస్యమన్న కబురూ రాలేదు. కంగారుపడి వెళ్ళాను. అత్త జ్వరంతో పడుకుని ఉంది, గొంతు పూర్తిగా పోయింది. పక్కనే చెల్లెలు కూర్చుని కాళ్ళు పడుతోంది. నన్ను చూడగానే అత్త ఫోన్ నా చేతిలో పెట్టి ఏదో సైగ చేసింది.

"ఈరోజు వంట రద్దని నిన్ను సెప్పమంతంది," అంది చెల్లెలు.

చూసే ఇద్దరం ఆ గదిలోనే ఉన్నాం. అయినా బెంగాలీలో కూడా చెప్పేదాకా అత్త నన్ను ఫోన్ దించనివ్వలేదు.