సాంబ్రాణి పొగ, ముసలి కంప్యూటర్లు

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కడతారని దేశమంతా తెలుసు. ముసలి కంప్యూటర్లకు కట్టు కట్టిన మనిషి కూడా మా ఊళ్ళోనే ఉందని మాత్రం ఎవరికీ పట్టదు. ఆమె పేరు లోకేశ్వరి. స్టేషనుకు పోయే దారిలో, మందుల షాపు పైన, మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. అది వాళ్ళ నాయన ధనశేఖర్ పెట్టింది. ఆయన కాలంలో హాలు నిండా టైపు మిషన్లు ఉండేవి. నేనూ అక్కడే వేళ్ళు అరగదీసుకుని పోస్టాఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు రిటైరై, పొద్దున్నే కాఫీ కోసం ఆ మెట్లు ఎక్కుతుంటాను. కాఫీ ఇచ్చేది లోకేశ్వరి తల్లి కుప్పమ్మ.

ధనశేఖర్ పోయాక టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. అవీ ఎవరో వాడి వదిలేసినవే. కొన్నాళ్ళు బాగానే పనిచేశాయి. విండోస్‌లో కొత్త కొత్త రకాలు వచ్చేకొద్దీ వీటికి ఆయాసం మొదలైంది. స్విచ్ వేసి, కిందికి దిగి టీ తాగి వచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. టైపు నేర్చుకుందామని వచ్చిన పిల్ల ఎంతసేపని చక్రం చూస్తుంది? ఒక్కొక్కరే జారుకుని తిరుపతి ఇన్‌స్టిట్యూట్లలో చేరారు. కొందరు “ఏమీ అనుకోవద్దక్కా” అని చెప్పి మరీ వెళ్ళారు. అలా చెప్పి వెళ్ళిన రోజుల్లో లోకేశ్వరి ముఖం నేను చూడలేకపోయేవాణ్ణి.

హాలు ఖాళీ చేస్తే సెల్‌ఫోన్ల షాపుకు ఇచ్చుకుంటానని మేడ యజమాని కబురు మీద కబురు పంపుతున్నాడు. దసరా దాకా చూద్దామని లోకేశ్వరి గడువు పెట్టుకుంది. పిల్లలు నిలబడితే సరి, లేకపోతే నాయన పెట్టిన ఇన్‌స్టిట్యూట్ మూసేసి ఎక్కడో ఒక ఆఫీసులో పనికి చేరాలి.

“మూసేయ్ పాపా. మీ నాయన ఉండింటే ఆయనా అదే చెప్పేటోడు” అన్నాను.

“మా నాయన అట్ల చెప్పేటోడు కాదు మామా. రిబ్బన్ అరిగిపోతే తిప్పేసి కొట్టించిన మనిషి” అంది.

నాకు ఒళ్ళు మండింది. మంచి చెప్పినవాడికి ఎదురు చెబితే మండదా మరి!

అప్పుడు వచ్చింది జెస్సీ. ఈ ఇన్‌స్టిట్యూట్‌లోనే టైపు నేర్చుకుని సూళ్లూరుపేట దగ్గర ఏదో కంపెనీ ఆఫీసులో చేరిన పిల్ల. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మేడెక్కి లోకేశ్వరి చేతిలో పెన్ డ్రైవ్ పెట్టింది. అందులో లైనక్స్ ఉందట. విండోస్‌కు బదులు వేసుకునేదట, పైసా కట్టక్కర్లేదట. అందులోనూ ఇది పాత కంప్యూటర్లు మోయగలిగేలా తేలిగ్గా చేసిన రకమట.

“ముందు పెన్ డ్రైవ్ మీదనే నడిపి సూడక్కా. నచ్చకపోతే పీకేయ్. లోపలుండేది లోపలే ఉంటాది” అంది జెస్సీ.

లోకేశ్వరి ఉన్నవాటిలోకెల్లా ముసలిదాన్ని ఎంచుకుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని, నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నాను. కాఫీ చల్లారకముందే తెర వెలిగింది. నీలం రంగు, అంచున ఒక పట్టీ, మూలన ఒక చిన్న బొమ్మ. అంతే, హంగూ ఆర్భాటమూ ఏమీ లేదు. టైపు చేసే పేజీ తెరిస్తే నొక్కిన అక్షరం నొక్కినట్టే పడుతోంది. గుడ్డి కన్నా మెల్ల మేలు అని గొణిగాను గానీ, నిజం చెప్పాలంటే అది మెల్ల కూడా కాదు, చూపు శుభ్రంగానే ఉంది.

కుప్పమ్మ తెర మీదికి వంగి మూలనున్న బొమ్మను చూసింది. అది ఎలుక బొమ్మ.

“వినాయకుడి వాహనం లోకా! ఇంక దీనికి యాడా అడ్డం ఉండదు” అని లోపలికి పోయి కుంకుమ తెచ్చి తెర పైఅంచుకు బొట్టు పెట్టింది.

ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ, అర్థంకాని చోట జెస్సీని అడుగుతూ, లోకేశ్వరి ఒక్కో కంప్యూటర్‌కూ అదే వేసుకుంటూ వచ్చింది. ప్రింటర్ మాత్రం కొన్నాళ్ళు అలిగిన అల్లుడిలా మొండికేసింది. దాన్నీ దారికి తెచ్చింది. పిల్లలు మళ్ళీ రాసాగారు. తెల్లవారి మొదలైతే చీకటి పడేదాకా కంప్యూటర్లకు తీరికే లేదు.

సరిగ్గా అప్పుడే దెబ్బ పడింది. క్లాసు నడుస్తుండగా ఒక కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. మర్నాడు ఇంకోటి ఆరిపోయింది. సగం కొట్టిన పేజీ పోయేసరికి పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. ఊరికే వచ్చిన సరుకు ఊరికే పోతుందని ఊళ్ళోవాళ్ళు అన్నారు. వాళ్ళకంటే ముందు నేనే అన్నాను. దసరా దగ్గర పడుతోంది.

కుప్పమ్మ మాత్రం ఇది దిష్టేనని తేల్చేసింది. అంతవరకు మంగళ, శుక్రవారాల్లో మాత్రమే వేసే సాంబ్రాణి ఇప్పుడు రోజూ వేయసాగింది. ధూపం పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరా ఆగి, తలంటు పోసిన పసిబిడ్డకు పట్టినట్టు, డబ్బా ముందూ వెనకా పొగ పట్టేది. ఇంత చేసినా ఆరిపోవడం ఎక్కువైందే గానీ తగ్గలేదు. ఆమె ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేసేది.

లోకేశ్వరి జెస్సీకి ఫోన్ చేసింది. “వేడెక్కి ఆరిపోతా ఉంటాదేమో. డబ్బా విప్పి ఫ్యాన్ సూడక్కా” అంది జెస్సీ.

విప్పింది. లోపల గుండెకాయలాంటి చిప్పు, దాన్ని చల్లబరచడానికి మీద ఒక చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను రెక్కలు, కిందున్న లోహపు రేకుల సందులు, అన్నీ నల్లటి జిడ్డుతో పూడిపోయాయి. ఫ్యాను గాలి పీలుస్తుంది, గాలితోపాటు పొగనూ పీలుస్తుంది. ఏళ్ళ తరబడి చేరిన దుమ్ము మీద పొగ మసి అతుక్కుని పచ్చడి బండలా గట్టిపడింది. లోకేశ్వరి వేలితో కాస్త గీకి వాసన చూసింది. నేనూ చూశాను.

“సాంబ్రాణి!” అని అరిచేశాను. నా నోటికి తాళం ఉండదు.

వెనక్కి తిరిగితే కుప్పమ్మ. చేతిలో ధూపం పట్టుకుని నిలబడి ఉంది.

“అయితే నేనేనా? నా చేతుల్తో నేనే పాడు చేసినానా?” అంది. ఆ గొంతు విని నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపించింది.

కూతురు కోప్పడినా తప్పులేదు. ఇన్నాళ్ళ కష్టం, పోయిన పిల్లలు, తరుముకొస్తున్న గడువు. కానీ లోకేశ్వరి లేచి తల్లి చేతిలో ధూపం అందుకుని మెట్ల మీద పెట్టి వచ్చింది.

“నువ్వు పాడు చేయలేదు మా. బిడ్డ అనుకోని పొగేసినావు. బిడ్డయితే దగ్గుతాది, ఏడుస్తాది, మనకి తెలుస్తాది. ఇది నోరులేంది. ఇట్ల రా, కూచో” అంటూ రంగులు వేసే కుంచె ఒకటి చేతికిచ్చింది.

కుప్పమ్మ వాటికి బొట్టు పెట్టడమే గానీ లోపల చేయి పెట్టి ఎరగదు. మొదట భయపడింది. తర్వాత బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, ఒక్కో సందులోనూ కుంచె దూర్చి మసి రాల్చింది. స్క్రూలు విప్పే ఉద్యోగం నాకు పడింది. వేడి లాగేందుకు చిప్పు మీద పూసే పేస్టు లోకేశ్వరి తిరుపతి నుంచి తెచ్చి తానే పూసింది. అన్నీ బిగించి స్విచ్ వేశాక ముగ్గురం వాటి ముందే కూర్చున్నాం. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఒక్కటీ ఆరలేదు. కుప్పమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు?

ఇప్పుడు శుక్రవారం వస్తే సాంబ్రాణి మెట్ల దగ్గరే ఆగిపోతుంది. లోపల కుప్పమ్మ కుంచె పట్టుకుని తిరుగుతుంది. పొరపాటున ఎవరైనా చాక్‌పీస్ దుమ్ము దులిపితే ఆమె నోటి నుంచి తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు, నా వల్ల కూడా.

ఆయుధపూజ నాడు మేడ యజమానే పైకి వచ్చాడు. శనగలు పెట్టి, హాలు ఖాళీ చేసేది లేదని లోకేశ్వరి చెప్పేసింది. ఆయన శనగలు నములుతూ దిగిపోయాడు.

దసరా సెలవులు అయిపోయిన పొద్దున, నారాయణవనం నుంచి లోహిత అనే పిల్ల తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది.

“అక్కా, ఈ బ్యాచ్‌లో సీటు ఉండాదా?” అని అడిగింది.

లోకేశ్వరి హాలంతా చూసింది. అన్ని కుర్చీల్లోనూ పిల్లలున్నారు. “లేదు” అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. ఎన్నేళ్ళయిందో ఆ మాట అనాల్సి వచ్చి. పాపం, ఆ పిల్ల తనని ఎగతాళి చేస్తున్నారనుకుని బిక్కమొహం వేసింది.

లోకేశ్వరి తన కంప్యూటర్ ముందు నుంచి లేచి, తన కుర్చీ లోహిత వైపు జరిపింది. “ఈడ కూచో పాపా” అంది.

ఆ రోజు క్లాసంతా నిలబడే చెప్పింది.