మా సమస్తలోక మీడియాలో మొదటి కుర్చీ

చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఒక చానల్ పెట్టేస్తున్న రోజులవి. మా ఇంట్లోవాళ్లు వెనకబడతారా? చిక్కడపల్లి సందులో తాతయ్య నడిపిన పెళ్లిపత్రికల అచ్చుకొట్టు, పెద్దనాన్న చేతికొచ్చి లోకల్ కేబుల్ చానల్ అయి, ఆఖరికి యూట్యూబ్‌లో తేలింది. పేరు సమస్తలోక మీడియా. ఆ సమస్తలోకమూ మా ముందుగదిలో ఇమిడిపోయింది. వంటింట్లో మేనత్త పప్పు తాలింపు వేస్తే ముందుగదిలో వార్తలు చదివేవాడికి పొలమారేది. డిగ్రీ కాగానే పెద్దనాన్న నన్ను అందులో విలేకరిగా వేసుకున్నాడు. (నన్నడిగి కాదు లెండి.)

మా సంస్థకు ఒక రివాజు ఉండేది. ముఖ్యమైన వార్త ముందు, కానిది వెనక అని లోకమంతా చదువుతుంది కదా, మేము వయసు ప్రకారం చదివేవాళ్లం, పంక్తిలో పెద్దవాళ్లకు ముందు వడ్డించినట్టు. సాయంత్రం లైవ్‌లో మొదటి కుర్చీ పెద్దనాన్నది. ఆయనకు వాతావరణం ఇష్టం కనుక, ఎక్కడ ఏ ప్రభుత్వం కూలినా మా చానల్లో ముందు మబ్బులే వచ్చేవి. (స్వయంగా డాబా ఎక్కి ఆకాశం చూసొచ్చి చెప్పేవాడు. చెప్పింది జరగడం మాత్రం అరుదు.) తర్వాత మేనత్త, నారాయణగూడ మార్కెట్లో కూరగాయల ధరలు, వాటి మీద ఆమె ఆగ్రహం. ఆ తర్వాత బాబాయి, క్రికెట్. కెమెరా పట్టేదీ ఆయనే కాబట్టి, ఆయన కెమెరా వెనక నుంచి పరుగెత్తుకొచ్చి కూర్చునేదాకా చూసేవాళ్లకు ఖాళీ కుర్చీ కనిపించేది. అందరికన్నా చిన్నవాణ్ణి కనుక దేశమూ రాష్ట్రమూ నాకు మిగిలేవి.

నాకేమో మొదటి కుర్చీ మీదే కన్ను. వార్త అంటే అందరికన్నా ముందు చెప్పేది, అంతే అనుకునే వయసు. నా పోరు పడలేక పెద్దనాన్న ఒక మాట ఇచ్చాడు. "ఒక్క వార్త అందరికంటె ముందుగాల మన చానల్ల రావాలె. గప్పుడు నేనే లేసి నీకు కుర్చీ ఇస్త."

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువులకు చదివే పిల్లలే మా ప్రేక్షకులు. ఆ రోజుల్లో ఒక పరీక్ష వాయిదా పడుతుందా లేదా అని వాళ్లంతా తిండి మానేసి ఎదురుచూస్తున్నారు. ఒక సాయంత్రం, సరిగ్గా లైవ్ మొదలవబోతుంటే, బషీర్‌బాగ్‌లో ఏదో సర్కారు ఆఫీసులో పనిచేసే నా దోస్తు ఫోన్ చేశాడు. "వాయిదా పడ్డదిర! సంతకం అయిపోయింది. ఇంకా ఎవ్వలకు ఎరుకలేదు."

మొదటి కుర్చీ దగ్గరికి పరుగెత్తాను. "పెద్దనాన్నా, వాయిదా ముచ్చట పక్కా. ఇయ్యాల నన్ను మొదలు సదవనియ్యి!"

"వార్త ముందుగాల వచ్చినంక కుర్చీ ఇస్త అన్న. ఇంకా రాలేదు గదా?" అన్నాడు చొక్కా సర్దుకుంటూ. "కూసో. నీ వంతొస్తది."

ఈ తర్కానికి జవాబు ఆలోచించేలోపే లైవ్ మొదలైంది. "ఉత్తరం దిక్కు మబ్బు పట్టింది. రాత్రికి వాన గ్యారంటీ. హాస్టల్ పిల్లలు జర డాబాల మీద బట్టలు తీస్కోండ్రి. తల తడిసి జ్వరం తెచ్చుకునేరు, పరీక్షలున్నయి. ఇంతకీ ఏమన్న తిన్నరా లేదా?" త్వరగా కానివ్వమని నేను కెమెరా పక్క నుంచి చేతులూపితే, కాలర్ గురించనుకుని సర్దుకున్నాడు. మేనత్త బెండకాయల దగ్గర నిప్పులు కక్కుతుండగా నా ఫోన్‌లో పెద్ద చానళ్లన్నీ వాయిదా వార్త వేసేశాయి. తర్వాత ఖాళీ కుర్చీ, క్రికెట్, ఆఖరికి నేను. "ఇప్పుడే అందిన వార్త" అని చదివాను. కింద కామెంట్: "అన్నా, మేము సంబురం జేస్కొని చాయ్ గూడ తాగొచ్చినం."

ఆ రాత్రి అన్నం తినకుండా అలిగాను. మర్నాడు లైవ్‌కు ముందు పెద్దనాన్న తనంతట తనే లేచి నిలబడ్డాడు. "నా జిద్దుతోటి నీ వార్త పాయె బిడ్డా. ఇయ్యాల్టి సంది నువ్వే మొదలు."

తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, మొదటి కుర్చీలో కూర్చుని దేశం సంగతులు గంభీరంగా అందుకున్నాను. కామెంట్లు మొదలయ్యాయి. "పెద్దనాన్న ఏడి?" "పానం మంచిగ లేదా ఏంది?" "నిన్న వాన వడలే, అయినా బట్టలు తీసినం. ఇయ్యాల ఆరేయాల్నా వద్దా?" వాటి కింద ఇంకొకటి. "వార్తలు అందరు చెప్తరన్నా. తిన్నరా అని ఆయన ఒక్కడే అడుగుతడు."

చదువుతున్న కాగితం పక్కన పెట్టేశాను. ఊళ్లు వదిలొచ్చి, ఇరుకు గదుల్లో పుస్తకాల మీద పడి ఉన్న పిల్లలు రోజూ ఏ వార్త కోసం మా చానల్ పెడుతున్నారో నాకప్పుడు తెలిసింది. కెమెరా పక్కన పెద్దనాన్న కళ్లద్దాలు చేతిలో పట్టుకుని, కామెంట్లు కనిపించక, నా మొహం వైపే మురిపెంగా చూస్తున్నాడు. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. "ముందు నువ్వు చెప్పు పెద్దనాన్నా. వాళ్లు ఆగేటట్టు లేరు."

మోకాళ్లు పెద్దనాన్నను డాబా ఎక్కనివ్వని ఏడాది సమస్తలోక మీడియా మూతపడింది. ఇప్పుడు నేనొక పెద్ద స్టూడియోలో ఉన్నాను. అన్నీ ముందే చెబుతాం, విన్నవాళ్లు వెంటనే మరిచిపోతారు. కుర్చీ కోసం అంత గొడవ చేసిన ఆ పౌడరు మొహం కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అది దొరికిన రోజే లేచి ఇచ్చేశాడు కదా అని వాడి మీద ముద్దు కూడా వస్తుంది. నా ఉద్యోగంలో నేను సరిగ్గా చదివిన బులెటిన్ అదొక్కటేనేమో, అందులోనూ సగంలోనే లేచిపోయాను.