పదకొండు పాయింటు ఎనిమిది

మిరపకాయ ఎండిందో లేదో చూడాలంటే మా వైపు ఆడవాళ్లు గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తారు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. ఆ రోజు నా ఎదుట అలా ఆడించి చూసినావిడ మాట నేను వినలేదు.

నల్లపాడు దాటాక ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి తేమ చూసే ప్రోగ్రాము రాసిచ్చింది నేనే. రైతులు తెచ్చిన టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, కాస్త కాయ తీసి మిషనులో వేస్తే అది తేమ ఎంతో చెబుతుంది. నూటికి పదకొండు దాటితే కాయ వెనక్కి పంపాలి, దాటకపోతే లోపల పెట్టుకోవచ్చు. అక్కడి నియమం అది.

చిన్నప్పుడు మిరప ఘాటుకి నాకు ఉబ్బసం వచ్చేది. మా పేటలో బడికి వెళ్లాలంటే మిర్చి గోడౌన్ల మధ్య నుంచే దారి. అందుకని నాన్న నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించారు. ప్రోగ్రాములు రాసే సి భాష కూడా ఆయన పక్కన కూర్చునే, అట్టలూడిన పుస్తకంలోంచి నేర్చుకున్నాను. అమ్మ ఏ పుస్తకమూ చెప్పలేదు గానీ ఒక మాట మాత్రం రోజూ చెప్పేది: "తీసినది తీసినచోటే పెట్టాలమ్మా. నువ్వు వాడినట్టే తెలియకూడదు." పొద్దున్నే దీపం పెట్టాక వాళ్లిద్దరినీ తలుచుకోకుండా నేను లేవను. నా తప్పు మాత్రం అమ్మ నేర్పిన ఆ మంచి అలవాటులోంచే పుట్టింది.

కిందటి వేసవిలో కోల్డ్ స్టోరేజీ గుమాస్తా ఫోన్ చేశాడు. "మేడం, బయటి దేశంవాళ్లు కాయ కొంటున్నారు. రిపోర్టు వాళ్ల పద్ధతిలో కావాలంట. పాయింటు ఉన్నచోట కామా పెట్టాలంట. అదేం ఖర్మో!"

"ఎవరి ఆచారం వాళ్లదండీ. పెడదాం," అన్నాను.

ఏ దేశపు రాత పద్ధతి పాటించాలో ప్రోగ్రాముకి చెప్పేదాన్ని లొకేల్ అంటారు. రిపోర్టు తీసేముందు దాన్ని ఆ దేశానికి మార్చి, రిపోర్టు అయిపోగానే మళ్లీ పాత పద్ధతికి తెచ్చేలా రాశాను. తీసినది తీసినచోటే పెట్టాను. చక్కగా పనిచేసింది. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ వారమే ఏదో చూడటానికి వెళ్లి అక్కడ కూర్చున్నాను. ప్రకాశం వైపు నుంచి ఒకావిడ పద్దెనిమిది టిక్కీలు ట్రాలీలో వేసుకొచ్చింది. కౌలు పొలం, మొగుడు మంచంలో ఉన్నాడని గుమాస్తా చెప్పాడు. ఆవిడ కాయలు చెవి దగ్గర ఆడించి మొహం చిట్లించింది.

"ఇంకా తడుందయ్యా. మబ్బు పట్టిందని తొందరపడి ఎత్తాను. ఇంకో రెండెండలు పోసుకొస్తాను."

"ఏమ్మా, నీ చెవి గొప్పదా, మిషను గొప్పదా? పదకొండు చూపిస్తుంది. దించు, దించు. వెనక బళ్లు ఆగిపోయినై," అన్నాడు గుమాస్తా.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఈ మిషను నువ్వు చేసిందేనంటగా అమ్మాయ్. నిజం చెబుద్దా?"

"చెబుతుంది పిన్నిగారూ. మీరు నిశ్చింతగా దించుకోండి."

ఆవిడ దించింది.

పన్నెండు రోజుల తర్వాత ఇంట్లో కూర్చుని మిషను పాత కొలతలు తిరగేస్తున్నాను. మిషను ఎప్పుడూ పాయింటు పక్కన ఏదో ఒక అంకె చూపిస్తుంది, కాయ అంత గుండ్రంగా ఎండదు కదా. అక్కడక్కడ మాత్రం వరసగా అన్నీ సున్నాలు. పదకొండు పాయింటు సున్నా, పది పాయింటు సున్నా. ఆ నిమిషాలు చూశాను. సరిగ్గా రిపోర్టు అచ్చయిన నిమిషాలే.

ఆ ప్రోగ్రాములో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి, వాటిని థ్రెడ్లు అంటారు. ఒకటి మిషను చెప్పింది చదువుతుంది, రెండోది రిపోర్టు రాస్తుంది. నేను మార్చిన లొకేల్ రిపోర్టు రాసే థ్రెడ్‌కి మాత్రమే కాదు, ప్రోగ్రాము మొత్తానికీ ఒక్కటే. ఇంటికంతా ఉన్న ఒకే గోడగడియారాన్ని నా అవసరానికి గంట వెనక్కి తిప్పి, కాసేపటికి సరిచేసి పెట్టానే అనుకోండి. ఆ మధ్యలో దాన్ని చూసి బయల్దేరినవాళ్లకి నల్లపాడులో రైలు తప్పిపోతుంది. చదివే థ్రెడ్‌కి కూడా అంతే అయింది. కామా కోసం చూస్తున్న వేళ దానికి పాయింటు ఎదురైంది, ఆ తర్వాతి అంకె చదవకుండా అక్కడితో ఆగిపోయింది. పదకొండు పాయింటు ఎనిమిది కాస్తా పదకొండయింది.

ఆ పద్దెనిమిది టిక్కీలూ సున్నాలున్న వరసలోనే ఉన్నాయి.

నాన్నకి చెప్పాను. "ముందు ప్రోగ్రాము కాదు తల్లీ, ముందు ఆవిడ," అన్నారు.

గుమాస్తాకి ఫోన్ చేస్తే, "ఎవరికి తెలుసు మేడం, ఊరుకోండి. గదిలో చల్లగా ఉంటుందిగా," అన్నాడు. ఊరుకోవాలని నాకూ ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆ వరసలోని కాయంతా మళ్లీ పరీక్ష చేయించమన్నాడు. ఆవిడకి కబురు నేనే చేశాను.

బస్తాలు విప్పేటప్పుడు ముక్కుకి కొంగు కట్టుకుని పక్కన నిలబడ్డాను. పద్నాలుగు బాగానే ఉన్నాయి, ఎండబోస్తే సరిపోతుంది. నాలుగింట్లో మాత్రం నడిమి కాయ తొడిమ దగ్గర తెల్లగా బూజు పట్టింది. ఆవిడ ఒక కాయ విరిచి వాసన చూసింది.

"నా చెవి నేను నమ్ముకోవాల్సింది," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తప్పు నాది పిన్నిగారూ. మిషనుది కాదు."

"నీదో దానిదో. కాయ నాది."

ఆ నాలుగు టిక్కీల కాయ ఏరడానికి మర్నాడు వాళ్ల కల్లానికి వెళ్లాను. ఆయాసానికి రెండుసార్లు లేవాల్సి వచ్చింది. "నీకు పడదుగా, పో అమ్మాయ్," అందావిడ. నేను వెళ్లలేదు. ఎంత ఏరినా సగం పారబోయాల్సి వచ్చింది.

ప్రోగ్రాము తర్వాత సరిచేశాను. ఇప్పుడు మొత్తానికి వర్తించే సెట్‌లొకేల్ అనే ఆదేశాన్ని థ్రెడ్లు మొదలవకముందు ఒక్కసారే పిలుస్తాను, మళ్లీ ముట్టుకోను. రిపోర్టు థ్రెడ్‌కి న్యూలొకేల్ అనే ఇంకో ఆదేశంతో దాని సొంత పద్ధతి చేసి, యూజ్‌లొకేల్ అనేదానితో దానికొక్కదానికే తొడుగుతాను. పనయ్యాక పాతది తొడిగించి, ఆ తర్వాతే కొత్తదాన్ని వదిలేస్తాను. చదివే థ్రెడ్‌కి కూడా ఎప్పటికీ మారని పద్ధతి ఒకటి విడిగా ఇచ్చాను.

సరిచేశాక మిషను దగ్గర ఇంకొక మార్పు కూడా చేయించాను. మిషను ఏ అంకె చూపించినా, కాయ తెచ్చినవాళ్లు "తడుంది" అంటే ఆ మాట రాసుకుని, మిషనుతో ఇంకోసారి చూడాలి. గుమాస్తా విసుక్కుంటాడు గానీ చేస్తున్నాడు.

దీపం పెట్టాక నేను తలుచుకునేవాళ్లలో ఇప్పుడు ఆవిడ కూడా ఉంది. వినడం ఆవిడే నేర్పింది, కానీ ఆవిడ కాయ పోయాక నేర్చుకున్నాను కాబట్టి అమ్మానాన్నలకి చెప్పుకున్నంత తేలిగ్గా ఆవిడకి కృతజ్ఞత చెప్పుకోలేకపోతున్నాను. చేతులు జోడించి ఆవిడ దాకా వచ్చేసరికి ఆగిపోతాను. ఈ ఏడు కాయ వచ్చాక ఆవిడ మళ్లీ మా మిషను దగ్గరికే తెస్తుందో లేదో నాకు తెలియదు.